గుండ్రని బల్ల చుట్టును



గత వేసవి సెలవులలో మేము మా యత్తగారిని వెంటబెట్టుకొని హాంగుకాంగునకు బోయి వచ్చితిమి. మా మఱదిగారు అచ్చట నుద్యోగము చేయుచున్నారు. అచ్చటి మేడలను గూర్చియు, నోడలను గూర్చియు వ్రాయువారు పెక్కండ్రు గలరు. మేము వారి పేటలోని యొక చిన్న భోజనశాలను గూర్చి మాత్రమే యీ నెల ముచ్చటింప దలచితిమి.

అచ్చట "దిమ్ సమ్" అనునవి చిన్నచిన్న యుపాహారములు. హృదయమును తాకునవి యని యా పేరునకు అర్థము చెప్పుదురు. వీనిని తినబోవుటను వారు తినుట యనరు. "యమ్ చా", అనగా తేనీరు త్రాగుట యందురు. సెలవుదినములందు తాతలు మొదలు పసిబిడ్డల వఱకు ఇంటిల్లిపాదియు నొక గుండ్రని బల్ల చుట్టును చేరి, తొందర లేక మాటలాడుకొనుచు తిందురు.

మా యత్తగారు ఉల్లి వెల్లుల్లి ముట్టరు. బయటి పదార్థము తినరు. ప్రయాణమునకు ముందే యటుకులు, బెల్లము మూటగట్టుకొనిరి. దిమ్ సమ్ములలో పెక్కింటిని రొయ్యలతోను, పందిమాంసముతోను చేయుదురు. ముల్లంగి దిమ్మ యన్న దానిలో సయితము ఎండురొయ్యలు కలియునని విని మాకును భయము కలిగెను. మా తోడికోడలు నవ్వి, "అక్కయ్యా, ఇచ్చట 'జాయ్' అను మాట యున్నది. బౌద్ధుల శాకాహారమునకు ఆ పేరు. అందు మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లియు నుండవు" అనెను. ఇంత దూరదేశమున మా యత్తగారి నియమమే మఱియొకరి నియమమై యుండుట మాకు వింతయయ్యెను. అట్టి భోజనశాలకే యొక యాదివారము పోయితిమి.

కూర్చున్నతోడనే వేడి తేనీటి కూజా వచ్చెను. మా తోడికోడలు ముందుగా గిన్నెలను, తినెడి పుల్లలను ఆ తేనీటితోనే కడిగి పాఱబోసెను. మడి పాటించు మా యత్తగారికి ఈ పద్ధతి మిక్కిలి నచ్చెను. పిదప తేనీటిని పెద్దలకు మొదట బోసి, తనకు కడపట బోసికొనవలెను. పోయించుకొన్నవారు వ్రేళ్లతో బల్లపై మెల్లగ తట్టుదురు. అది కృతజ్ఞత తెలుపుట. చియన్‌లాంగ్ చక్రవర్తి (1735-1796) మాఱువేషమున తిరుగుచు పరిజనులకు స్వయముగ తేనీరు పోయగా, సాగిలపడిన గుట్టు బయటపడునని వారు వ్రేళ్లు వంచి మ్రొక్కిరని కథ. కూజా వట్టిదైనచో మూతను కొంచెము తొలగించిన చాలును. పిలువకయే వచ్చి నింపుదురు.

కావలసిన వానిని కాగితముపై పెన్సిలుతో గుర్తించి యియ్యగా, వెదురు బుట్టలు ఒకదానిపై నొకటిగా పొగలు గ్రక్కుచు వచ్చెను. బుట్టకు మూడో నాలుగో. గోధుమ గంజిపొడిని మరుగునీటితో ముద్దచేసి, పలుచగ నొత్తి, లోపల సన్నని కూరముక్కలుంచిన కుడుములు. ఉడికిన పిదప ఆ పొర గాజువలె లోపలిదానిని చూపును. పుట్టగొడుగులున్న వానిని మా యత్తగారు ప్రక్కకు త్రోసిరి. బియ్యపుపిండిని ఆవిరిపై రేకుగ తీసి చుట్టిన "ఛోంగ్ ఫన్" మన పూతరేకువలె పలుచనిదే గాని మెత్తనిది, తడిగలది. తామరాకున చుట్టి యుడికించిన జిగురు బియ్యమును చూచి, "ఇది మన పనసాకు పొట్టిక్కల వంటిదే గదా!" యనిరి.

అయినను మేము వ్రాయదలచినది రుచులను గూర్చి కాదు. బుట్టలు రాగానే మా యత్తగారు అలవాటు చొప్పున లేచి, కుమారులకు వడ్డింపబోయిరి. బల్ల నడుమ తిరుగుడు పలక యున్నది. దానిని త్రిప్పినచో ఎవరికి కావలసినది వారి కడకే వచ్చును. తోడికోడలు ఆమె చేయి పట్టి కూర్చుండబెట్టి, మొదటి కుడుమును ఆమె గిన్నెలోనే వేసెను. ఆమె దానిని తిని, కొంతసేపు మాటాడక, "వేడివేడిగా తిని యెన్నేండ్లయినదే!" యనిరి.

మేము తల వంచుకొంటిమి. మేము ఆ యింట అడుగుపెట్టి పదునాలుగేండ్లు. అందఱును తిన్న పిదప, చల్లాఱిన యన్నమును వంటయింట నొంటిగ కూర్చుండి యామె తినుటను దినదినమును చూచితిమి. అది యాచార మనుకొంటిమి. మేమును అట్లే తినుచుంటిమి. అత్తగారియందు భక్తి గలవారమని మురిసితిమి గాని, ఆమె పళ్లెము వేడిగ నున్నదో లేదో యొక్కనాడును చూడమైతిమి.

తిరిగి వచ్చిన పిదప, ఆదివారపు టుదయమున ఇడ్డెనల పాత్రను, పచ్చడిని, నేతిగిన్నెను నడుమ నుంచి యందఱమును ఒక్కసారి కూర్చుండవలెనని నిశ్చయించితిమి. మొదటి వారము మా యత్తగారు, "మగవాండ్రు తినకముందు నేనెట్లు తిందును?" అని లేచిపోయిరి. రెండవ వారము మా యింటివారే, "అమ్మా, నీవు కూర్చుండనిదే నేను చేయి కడుగను" అనిరి. ఆమె గొణుగుకొనుచునే కూర్చుండిరి. రెండవ వాయి ఉడికినప్పుడు మేము లేవబోగా, బడిలో నలువదిమంది పిల్లలను లేపి కూర్చుండబెట్టు మా యింటివారు తామే లేచి, చేయి కాల్చుకొని, పాత్రను తెచ్చిరి! పిల్లలు నవ్విరి, మా యత్తగారును నవ్విరి.

తక్కిన యాఱు దినములును పూర్వపు రీతినే జరుగుచున్నవి; దాచుట యేల? అయినను ఒక దినము దక్కినది. సోదరీమణులారా, ఈ రాత్రి మీ యింట కడపట తినువారెవరో, వారి పళ్లెము వేడిగ నున్నదో లేదో, ఒక్కసారి చూడుడు.