నల్లమలకు జనవరిలోనే కాపలా కావాలి

సంక్రాంతి దాటీ దాటకముందే ఎండ చురుక్కుమంటోంది. 1901 నుంచి వాతావరణ శాఖ దగ్గరున్న లెక్కల్లో 2023 ఫిబ్రవరి పగటి వేడిలోను, 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రతలోను దేశవ్యాప్తంగా రికార్డు బద్దలు కొట్టాయి. అడవి కాపలా మాత్రం ‘వేసవికి చూద్దాంలే’ అన్న పాత లెక్కలోనే సాగితే నల్లమల మిగలదు. ఫైర్ వాచర్ల నియామకం, ఫైర్ లైన్ల పని జనవరి నెలాఖరుకల్లా పూర్తి కావాల్సిందే.

నల్లమల ఆకురాల్చే అడవి. చలికాలం వెళ్లేసరికి నేలంతా ఎండుటాకులు, మధ్యలో ఎండిన బోదగడ్డి. తెల్లవారుజామున మంచు పడినన్నాళ్లూ అందులో కాస్త తేమ ఉంటుంది. ఆ తేమ ముందే ఆరిపోతోంది. ఇక్కడి మంట ఎక్కువగా నేల మీద పాకుతుంది. చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి నష్టం లేదనుకుంటాం. మాడిపోయేవి మొలకలు, నేల మీద పెట్టిన పక్షి గుడ్లు, మట్టిని పట్టి ఉంచే ఆకుల పొర.

ఫైర్ లైను వేయడమంటే దారి వెంట గడ్డి కోసి, గాలి లేని చల్లటి పూట దాన్ని తగలబెట్టి, నేలను బోడి చేయడం. ఎండ ముదిరాక అదే పనికి దిగితే అడవికి మనమే నిప్పు పెట్టినవాళ్లమవుతాం. నెల రోజుల ఆలస్యానికి ఇంత అర్థముంది.

ఉపగ్రహం పట్టిన మంట సమాచారం ఇప్పుడు సిబ్బంది ఫోన్లకే వస్తోంది. మంచిదే. కానీ ఎండుటాకులు ఊదే బ్లోయర్ భుజాన వేసుకుని గుట్ట ఎక్కాల్సింది మనిషే. వాగూ వంకా ఎరిగిన చెంచు యువకులను ఆ పనికి తీసుకోవాలి. రోజుకూలీగా కాదు, సంక్రాంతి నుంచి తొలకరి దాకా నెలజీతం మీద.

ఇప్పపువ్వు ఏరేవారు పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకులు కాలుస్తారు. కాపరులు కొత్త గడ్డి కోసం నిప్పు పెడతారు. శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్లే భక్తుల్లో కొందరు పొయ్యి ఆర్పకుండానే కదిలిపోతారు. కేసుల బెదిరింపు ఒక్కటే వీటిని ఆపలేదు. ఇప్ప చెట్ల కింద కట్టే వలలు ప్రభుత్వమే ఇవ్వాలి. నాగలూటి, పెచ్చెరువు మీదుగా సాగే నడకదారిలో వంటకు చోట్లు కేటాయించి, నీళ్లూ కాపలా మనిషీ అక్కడే ఉంచాలి. మిగతా దారిలో పొయ్యి వెలిగించనివ్వకూడదు.

కృష్ణకు అటు అమ్రాబాద్, ఇటు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు. ఈ పనులకు కావలసిన డబ్బు డిసెంబరులోనే డివిజన్లకు చేరేలా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఉత్తర్వులివ్వాలి.