ఇల్లులో కాదు, ఇంట్లో

మొన్న దసరాకి బరంపురంలో అందరం కలిసేం. మా మేనల్లుడు పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, ఆ ఇల్లులో ఎవరూ లేరు, చెయ్యితో తలుపు తోసేను" అన్నాడు. పకపకా నవ్వేం. గుంటడు ఆ పూటంతా ఒడియాలోనే మాట్లాడేడు. తప్పు మాదే.

వాడు బడిలో నేర్చిన లెక్క ప్రకారం వాడిది సరైనదే. ఒడియాలో ఇంటిని ఘొరొ అంటారు. ఘొరొకు, ఘొరొరొ అని చివర తగిలిస్తే చాలు, అసలు మాట కదలదు. మనకి అలా కాదు. కు, లో, తో రాకముందే మాట రూపే మారిపోతుంది. ఇల్లు ఇంటి, చెయ్యి చేతి, నుయ్యి నూతి, రాయి రాతి. వ్యాకరణంలో వీటిని ఔపవిభక్తికాలంటారు. కు మాత్రం రెండు భాషల్లోనూ ఉంది కనక పిల్లలకి కు తప్పదు, ఇంటి తప్పుతుంది.

కన్నడ మీడియంలో చదివిన మా అన్నదమ్ములకి వేరే చోట తప్పింది. కన్నడంలో మా, మన రెండూ నమ్మ. నాయనమ్మతో "మా ఇంటికి వెళ్దాం" అంటే, "మరి నేనెవర్నిరా?" అంది. ఆవిడ నవ్వలేదు, నొచ్చుకుంది.

ఆఫీసులో తుర్కిష్ స్క్రీన్లు పరీక్షించే పని పడ్డప్పుడు ఇదే గుర్తొచ్చింది. అక్కడ ఎవ్ అంటే ఇల్లు. ఎవిమిజ్ మా ఇల్లు, ఎవిమిజ్‌దే మా ఇంట్లో. ఎవరిదో కూడా తోకలోనే ఉంటుంది, దాని వెనక లో వస్తుంది. అందులోనూ మా, మన తేడా లేదు. పేరు మారితే తోకలో అచ్చు మారుతుంది: అలీనిన్, ఓర్హానిన్ అని మనం ఒకేలా రాసినా ఆ రెండు ఇన్‌లూ ఒకటి కావు. ప్రోగ్రాంలో ఒకే తోక పెట్టేస్తే ప్రతి రెండో పేరూ తప్పే.

1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. అప్పట్నుంచి మా ఇంట్లో చదువు ఒడియాలో, తెలుగు నోట్లో. నోట్లో ఉన్నది నోటితోనే నిలవాలి. ఒకప్పుడు ఈ జిల్లాలోదే అయిన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవరల భాషని వాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు కదా. అందుకే మా అభిప్రాయం, ఓనమాలు తర్వాత దిద్దించొచ్చు. గుంటడు "ఇల్లులో" అంటే "ఇంట్లో ఎవరూ లేరా? చేత్తోనే తోసేవా?" అని అడగండి, అంతే. పాఠం చెప్పొద్దు, నవ్వొద్దు.

నిన్న ఫోన్లో వాడు "ఇంటిలో ఉన్నాం" అన్నాడు. ఇంట్లో అనలేదు గానీ, మేం నవ్వలేదు.