అత్తగారి జాడీకి కొత్త మూత

"మూతే కదా, దానికింత బాధా?" అన్నారు మావారు. ఆవకాయ జాడీ మూత పగిలితే ఎంత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు కదండీ!

అది మా అత్తగారి జాడీ. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు. ఆవిడ పోయి ఆరేళ్ళయినా ఏటేటా ఆవకాయ అందులోనే పెడుతున్నాను. పోయిన వేసవిలో కడిగి ఆరబెడుతుంటే నా చేతిలోంచే జారి మూత మూడు ముక్కలయింది. సాలూరు బజారంతా తిరిగాను. జాడీతో సహా అయితే ఇస్తామన్నారు గానీ, ఒట్టి మూత ఎవరమ్ముతారు?

గూడూరులోని ప్రభుత్వ సిరామిక్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన మా మేనల్లుడు అప్పుడే మా ఇంటికొచ్చాడు. "ముక్కలు పారెయ్యకత్తా, మూసలో పోత పోసి చేసుకోవచ్చు" అన్నాడు. సామర్లకోట దగ్గర, బీబీనగర్ దగ్గర ఉన్న ఫ్యాక్టరీల్లో వాష్‌బేసిన్లు ఇలా పోత పోసి చేసేవేనట. సారె మీద గుండ్రటివే వస్తాయి. వంపులూ మూలలూ కావాలంటే మూస ఉండాలి. ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు ప్లాస్టర్ మూసలు వాడటం 1740ల్లోనే మొదలుపెట్టారట.

ఇందులో కిటుకంతా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ది. ఎండిన మూస నిండా కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. అందులో మట్టిని మీగడలా జారుగా చేసి పోస్తే, మూస నీళ్ళు పీల్చుకుని, అంచున ఉన్న మట్టి పొర కడుతుంది. పావుగంట, ఇరవై నిమిషాల్లో పొర అర సెంటీమీటరు మందమవుతుంది. మిగిలిన మట్టి వంచేస్తే లోపల డొల్లగా వస్తువు మిగులుతుంది. ఆరేకొద్దీ ముడుచుకుని తనంతట తనే మూసను వదిలేస్తుంది.

మూత ముక్కలు అతికించి, సబ్బు పట్టించి, ఓ ప్లాస్టిక్ డబ్బాలో బోర్లించాను. కిలో ప్లాస్టర్‌కి 700 మి.లీ. నీళ్ళు. నీళ్ళలో ప్లాస్టర్ చల్లాలి గానీ, ప్లాస్టర్‌లో నీళ్ళు పొయ్యకూడదు. రెండు నిమిషాలు నాననిచ్చి, కలిపి, మూత మీద పొయ్యాలి. గట్టిపడ్డాక మూత తీసేసి, మూసను గాలి తగిలేచోట వారం రోజులు ఎండనివ్వాలి. తొందరపడి పొయ్యి పక్కన పెట్టారో, పిండిలా రాలిపోతుంది.

కుమ్మరి మట్టిని నానేసి, పాత చీర గుడ్డలో వడగట్టాను. ఒట్టి నీళ్ళతో జారు చేస్తే నీళ్ళెక్కువై ఆరేటప్పుడు బీటలిస్తుంది. కిలో మట్టికి రెండు మూడు గ్రాముల బట్టల సోడా కరిగించి కలిపితే తక్కువ నీళ్ళకే జారవుతుంది. అలాగని సోడా ఎక్కువైతే మళ్ళీ చిక్కబడిపోతుంది సుమండీ.

మూత ముచ్చటగా వచ్చింది. కుమ్మరివారి ఆవంలో కుండలతోపాటు కాల్పించాను. తీరా తెచ్చి పెడితే, పెద్దాయన తలకి చంటిపిల్లాడి టోపీలా జాడీ మూతి మీద నిలబడింది! నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎండితే సిక్కుద్ది, కాలితే ఇంకాస్త సిక్కుద్ది. తెల్దేటమ్మా?" అని నవ్వింది కుమ్మరావిడ. నిజమే కదా! వడియం పెట్టినప్పుడున్నంత ఎండాక ఉంటుందా? ఆ మట్టి నూటికి పది పాళ్ళు తగ్గుతోంది. అంటే 12 సెంటీమీటర్ల మూత కావాలంటే నమూనా 13.3 సెంటీమీటర్లు ఉండాలి. పాత మూతకి అచ్చు తీయడమే నా పొరపాటు. ఈసారి మట్టితో పెద్ద నమూనా చేసి, కొత్త మూస పోశాను. మూడు మూతలు కాల్పిస్తే ఒకటి పగిలింది, ఒకటి వంకరపోయింది, ఒకటి సరిగ్గా కూర్చుంది.

మెరుగు పుయ్యని ఎర్రమట్టి కనుక నూనె పీలుస్తుంది, ఊట తగలనివ్వకూడదు. అందుకే కింద ఎప్పటిలా వాసెన గుడ్డ కట్టి, పైన ఈ మూత పెట్టాను.

చేసేవారికి రెండు జాగ్రత్తలు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, అందులో చేతులుంచకండి. 2007లో ఇంగ్లండులో ఒక బళ్ళో పదహారేళ్ళ పిల్ల అలా చేతులుంచి వేళ్ళు పోగొట్టుకుంది. మిగిలిన ప్లాస్టర్ తూములో పొయ్యకండి, రాయిలా పేరుకుపోతుంది. మా తూము బాగుచేయించడానికైన ఖర్చుతో కొత్త జాడీయే వచ్చేది!

ఈ ఏడు ఆవకాయ కూడా ఆ జాడీలోనే పెట్టాను. మొన్న వడ్డించడానికి తీస్తుంటే, మావారు ఆ ఎర్ర మూతని రెండు చేతులా అందుకుని జాగ్రత్తగా గట్టు మీద పెట్టారు. "మూతే కదా" అనలేదు.