దండోరా వేసిన గొంతుకు డబ్బింగు కూలి ఇయ్యరా?

గొంతు అమ్ముకుని బతకొచ్చా అని ఈమధ్య మా గౌలిపుర పిల్లలు అడుగుతున్నారు. శాలిబండ నుంచి, ఛత్రినాక నుంచి కూడా వచ్చి అడుగుతున్నారు. "సార్, డబ్బింగ్ ఆర్టిస్టు అయితే ఎట్లుంటది?" ఇండ్లల్ల పెద్దలు నవ్వుతున్నారు. గాలికి పైసలెవడిస్తడురా అంటున్నారు. మేము నవ్వడం లేదు. ఈ ప్రశ్న మన కులాల చరిత్రలోంచి వస్తున్నది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ఊర్లల్ల ఉన్న అక్కలకు, అన్నలకు ముందు ఈ పని ఏందో చెప్పాలి. తెర మీద కనిపించే మనిషి ఒకరు, వినిపించే మనిషి ఇంకొకరు. ఒకప్పుడు సుమన్, రాజశేఖర్ తెర మీద గర్జిస్తే మనం ఈలలు వేసినం. ఆ గర్జనలో చాలా వరకు సాయికుమార్‌ది. సరిత, రోజారమణి ఎంతమంది హీరోయిన్లకు గొంతిచ్చారో లెక్క లేదు. 1950లో హిందీ నుంచి తెలుగులోకి మార్చిన 'ఆహుతి'కి మాటలు రాసింది శ్రీశ్రీ. పని జరిగేది చప్పుడు బయటికి పోని చిన్న గదిలో. ఎదురుగా తెర, ముందు మైకు, చెవిలో అసలు మాట. పెదవి తెరుచుకున్నచోట మాట మొదలు కావాలి, మూసుకున్నచోట ఆగాలి. వేషం లేదు, సెట్టు లేదు. నిలబడ్డచోటనే ఏడవాలి, ఉరకాలి, చావాలి. ఇప్పుడు సినిమా ఒక్కటే కాదు. సీరియళ్లు, పిల్లల బొమ్మల కథలు, ప్రకటనలు, ఎన్నికల ఆటోలు, బస్సులో వచ్చే స్టాపు పేరు చెప్పే గొంతు, అన్నీ ఎవరో ఒకరి నోటి కష్టమే.

నోటి కష్టం మనకు కొత్తనా?

ఊరికి కబురు చాటింది ఎవరు? శిస్తు కట్టమని, దొర వస్తున్నాడని, గత్తర తగిలిందని, జాతర ఫలానా నాడని డప్పు కొట్టి వాడవాడ తిరిగి చెప్పింది మన తాతలు కాదా? మైకు లేదు, కరెంటు లేదు. నాలుగు బజార్ల అవతల గుడ్డి అవ్వకు కూడా మాట తప్పు పోకుండా వినపడాలి. ఏ మాట దగ్గర ఆగాలి, ఏ మాట సాగదీయాలి, ఎక్కడ దెబ్బ వెయ్యాలి, ఇదంతా విద్య. దానికి కూలి ఏమిటి? వెట్టి! కల్లం దగ్గర నాలుగు గింజలు, పండగనాడు పాత గుడ్డ. వాళ్ల మాట మన నోటితో చాటించుకున్నారు గానీ, ఆ నోటిని వాకిట్లోకి రానియ్యలేదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం అదే దండోరా పేరు పెట్టుకుని లేచింది. అప్పుడు గదా ఆ డప్పు తన సొంత మాట చాటింది!

అదే చాటింపు ఇవాళ అద్దాల గదిలోకి పోయింది. కూలి వచ్చింది, 'ఆర్టిస్టు' అని పేరు వచ్చింది. కూలి వచ్చేసరికి మన గొంతు పనికిరాకుండా పోయింది!

మా బస్తీ ఆడపిల్ల ఒకామె, డిగ్రీ రెండో ఏడు, గొంతు పరీక్షకు పోయింది. బస్సులో ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి చార్జీ లేదు గనుక పోగలిగింది. రెండు బస్సులు మారి, మూసీ దాటి, నగరం ఆ కొసకు. కాగితం ఇచ్చి చదవమన్నారు. 'నీళ్లు' అన్నచోట 'నీల్లు' అన్నదట. "గొంతు బాగుందమ్మా, తెలుగే బాగాలేదు" అన్నారట. ఆమె తెలుగు బాగాలేకపోవడమేమిటి? ఆమెకు తెలుగు వచ్చు, దక్కనీ ఉర్దూ వచ్చు, టీవీ చూసి నేర్చిన హిందీ వచ్చు. లాల్ దర్వాజ బోనాలలో మైకు పట్టి అంత జనాన్ని ఒక దారిన నడిపించిన పిల్ల. బాగాలేనిది ఆమె కులం పుట్టిన వాడ, ఆ వాడ నేర్పిన పలుకుబడి.

గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికాన్ని గద్దె దించాడని మేము బడిలో పాఠం చెప్తాం. ఆగస్టు 29న దండలు కూడా వేస్తాం. దించినాక ఆ గద్దె మీద ఎక్కి కూర్చున్నది ఎవరి వాడుక భాష? 'శిష్టుల' వాడుక! అంటే చదువుకున్న పైకులాలవాళ్లు, అందులోనూ కోస్తా నాలుగు జిల్లాలవాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది. మాదిగవాడ తెలుగు, ఎరుకల తెలుగు, పాతబస్తీలో ఉర్దూ కలిసిన తెలుగు, ఇవి వాడుకలో లేవా? మేమైతే రోజూ వాడుతున్నాం.

సినిమాలో మన యాసకు చోటే లేదని అనం. ఉండేది, రౌడీ నోట్లో, తాగుబోతు నోట్లో. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు తెలంగాణ మాట పలికి రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. గొప్ప నటుడు, ఆయన మీద మాకు కోపం లేదు. ఆ యాసను దుర్మార్గుడికే ఎందుకు తొడిగారన్నదే మా ప్రశ్న. తెలంగాణ వచ్చాక గాలి మారింది. 2017లో 'ఫిదా' వచ్చింది. నీలగిరి కొండల కోటగిరి నుంచి వచ్చిన సాయిపల్లవి బాన్సువాడ పిల్ల మాటను తన గొంతుతోనే చెప్పింది. ఆ అమ్మాయి కష్టానికి చప్పట్లు కొట్టినం, ఇప్పటికీ కొడతాం. కానీ లెక్క చూడండి. బయటివాళ్లు నేర్చుకుని పలికితే అది కళ. మన పిల్లకు పుట్టుకతో వస్తే అది తప్పు. ఇదేం లెక్క?

మెచ్చుకోలు వేరు, కూలి వేరు అని కూడా చెప్పాలి. 2023లో 'బలగం' చివర బుడగ జంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ గొంతు విని ఏడవని ఊరు లేదు. రాత్రిపూట బజార్లో తెరలు కట్టి చూశారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కిడ్నీల జబ్బుతో పోయాడు. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కట్టడం పనిలో కూలి చేస్తూ పత్రికలకెక్కాడు. వారం పదిరోజులు అందరూ అయ్యో అన్నారు. మన గొంతుకు సన్మానం దొరుకుతుంది, శాలువా దొరుకుతుంది. నెలనెలా జీతం అడిగితేనే ముఖాలు మారుతాయి. తెలంగాణ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు కొలువులు ఇచ్చారు, అది మంచి పనే. గొంతుకు జీతం ఇయ్యవచ్చునని సర్కారే ఒప్పుకున్నట్టు. అయితే అక్కడ పాడేది ఎక్కువగా సర్కారు పథకాల పాట. ఈ మాట కూడా అనుకోవాలి.

మన యాసతో మైకు నడవదనేవాళ్లను జహీరాబాద్ దగ్గర మాచునూరుకు పంపాలి. అక్కడ 2008 అక్టోబరు 15 నుంచి సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపేది దళిత ఆడవాళ్లు. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ మైకు ముందు కూర్చుని తమ ఊరి మాటలోనే విత్తనాల ముచ్చట, పాటలు, జబ్బులు, పండుగలు చెప్పారు. చుట్టుపక్కల ఊర్లు విన్నాయి. 'నీల్లు' అన్నందుకు ఎవరూ రేడియో బందు చెయ్యలేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఇంకా వెనక్కి పోతే మన పట్నంలోనే భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టి హరికథలతో బస్తీలను లేపాడు. వందేండ్లు దాటింది. గొంతును బతుకు మార్చే పనిముట్టుగా పట్టుకున్నది హైదరాబాదు దళితులే.

కనుక మా మాట ఇది. పొండి. ఈ పనిలోకి పొండి. సిగ్గుపడుతూ కాదు, తెలివిగా పొండి.

'ళ', 'ణ', 'శ' నేర్చుకోండి. అది గొప్ప తెలుగు అని కాదు. సుతారికి తాపీ ఎట్లనో ఈ పనికి అవి అట్ల. గదిలో వాడండి, బయటికి వచ్చి అమ్మతో అమ్మ మాటే మాట్లాడండి. రోజుకు అరగంట పత్రిక గట్టిగా చదవండి. మూడు నెలల్లో స్టార్ చేస్తామని వేలకు వేలు ఫీజు అడిగేవాళ్ల జోలికి పోకండి. చదువు మానకండి. ఈ పని వారానికి నాలుగు రోజులు ఉంటే నెల ఖాళీ. మొదట దొరికేది గుంపు గొంతులే, పెండ్లిలో అరుపులు, బజారులో గోల. మధ్యలో కోఆర్డినేటర్ ఉంటాడు, వాడి వాటా ఎంతో ముందే అడగండి. ఆడపిల్లలు రాత్రి పనికి ఒంటరిగా పోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం కాగితం. పాత ఇనుము కొనే ఆటోలో రోజంతా అదే గొంతు వింటాం గదా. ఒక్కసారి చెప్పిన మాట చిప్పులోంచి చిప్పులోకి ఎక్కి వీధివీధి తిరుగుతుంది. చెప్పినవాడికి ఏం ముట్టింది? మా దగ్గర ఉల్లిగడ్డలమ్మే పిల్లగాడు తన ఆటోకు తనే చెప్పుకున్నాడు. పక్కవాళ్లు ముగ్గురు కాపీ ఇమ్మన్నారు. తలా రెండు వందలు తీసుకొమ్మని చెప్పినం. మొదట మొహమాటపడ్డాడు, తర్వాత తీసుకున్నాడు. ఇప్పుడు కంప్యూటరు కొద్దిసేపు మన గొంతు వింటే చాలు, మనం అనని మాటలను కూడా మన గొంతుతో అంటున్నది. 'ఎప్పటికీ, ఎక్కడైనా, ఏ యంత్రంలోనైనా వాడుకోవచ్చు' అని ఇంగ్లీషులో సన్నక్షరాలతో ఉంటే, అది పాత వెట్టి కొత్త కాగితం మీద రాసినట్టే. అమెరికాలో నటుల సంఘం 2023లో 118 రోజులు సమ్మె చేస్తే అందులో ఈ తగాదా కూడా ఉంది. 2024 జులైలో వీడియో ఆటలకు గొంతిచ్చేవాళ్లు ఇదే విషయం మీద మళ్లీ పని ఆపారు. అంత పెద్ద దేశంలో వాళ్లే భయపడుతుంటే మనం చదవకుండా సంతకం పెట్టడమేమిటి?

యూనియన్ కావాలి. యూనియన్ ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. 'ఏ మాయ చేసావె'లో సమంతకు గొంతిచ్చిన చిన్మయి 2018లో పేరున్న కవి మీద వేధింపుల ఆరోపణ చేసింది. అదే ఏడు నవంబరులో తమిళనాడు డబ్బింగ్ యూనియన్ చందా బాకీ ఉందని ఆమె సభ్యత్వం తీసేసింది. అంత పేరున్న మనిషికే గట్ల అయితే, సభ్యత్వానికి పైసలు కూడబెట్టుకోలేని మన పిల్లల సంగతేంది? సభ్యత్వ రుసుములో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు తగ్గింపు ఇయ్యాలని, గొంతు పరీక్షల్లో 'యాస' అనే కారణం రాయడం మానాలని సినిమా సంఘాలను అడుగుదాం. ఎస్సీ కార్పొరేషన్ కుట్టుమిషన్లు, ఆటోలతో పాటు ఒక రికార్డింగు గది కూడా పాతబస్తీలో పెట్టాలని అర్జీ రాస్తున్నాం. సంతకాలు మొదలైనయి.

అర్జీ కదిలేదాకా ఊరికే కూర్చోలేదు. ప్రతి ఆదివారం పొద్దున బడి గదిలో పదిహేను మందిమి కూర్చుని చదువుతున్నాం. మైకు లేదు, ఫోన్లోనే రికార్డు చేసి వినిపించుకుంటున్నాం. ఊర్ల నుంచి ఎవరైనా రావచ్చు. ఎవరైనా ఇప్పటికే పనికి ఒప్పుకుని ఉంటే, ఆ కాగితం సంతకం పెట్టకముందు తెచ్చి చూపండి. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడానికి మేమున్నాం.