పలుకని ప్రోగ్రామరూ పాఠమే చెబుతుంది

మైక్రోకంట్రోలర్ అనే చిప్పులోనికి మనం వ్రాసిన ఆదేశాలను ఎక్కించే సాధనమే ప్రోగ్రామర్. అంగడిలో సిద్ధంగా దొరికే ఈ సాధనాన్ని విద్యార్థి స్వయంగా సోల్డరింగు చేసి తయారుచేసుకోవడం కాలహరణమని కొందరి వాదన. ఆ వాదనతో మేము ఏకీభవించలేము. ఇంట తయారైన ప్రోగ్రామర్ తొలి ప్రయత్నంలోనే పనిచేయడం అరుదు. అది పనిచేయని నాడే అసలైన విద్యాభ్యాసం ఆరంభమవుతుందని మా దృఢ విశ్వాసం.

అట్‌మెగా8 అనే చిప్పునే ఉదాహరణగా తీసుకుందాం. ప్రోగ్రామర్ మొదట దాని గుర్తింపు సంఖ్యలను అడుగుతుంది. దశాంశ పద్ధతిలో చెప్పాలంటే 30, 147, 7 అని సమాధానం రావాలి. మూడూ సున్నాలుగానో, మూడూ 255గానో వస్తే చిప్పు చెడిపోయిందని తీర్పు చెప్పడం తొందరపాటు. చిప్పు ఇంకా నోరు విప్పలేదని మాత్రమే దాని అర్థం.

ఎందుకు విప్పలేదు? వరుసగా ప్రశ్నించుకోవాలి. 7, 20 పిన్నులకు విద్యుత్తు అందుతున్నదా? 8, 22 పిన్నులు గ్రౌండుకు కలిశాయా? రీసెట్ అనబడే 1వ పిన్ను, ప్రోగ్రామింగు జరిగినంతసేపు సున్నా వోల్టుల వద్దనే నిలిచి ఉన్నదా? 17, 18, 19 పిన్నుల తీగలు తారుమారు కాలేదు గదా? వీటికి ఒక మల్టీమీటరు చాలు.

అన్నీ సరిగానే ఉంటే వేగాన్ని చూడాలి. కొత్త చిప్పు లోపలి గడియారం సెకనుకు 10 లక్షల స్పందనలతో నడుస్తుంది. ప్రోగ్రామర్ పంపే గడియార సంకేతం అందులో నాలుగవ వంతుకన్న, అనగా 2.5 లక్షలకన్న, తక్కువగా ఉండాలి. మించితే చిప్పు పలుకదు. ఫ్యూజు అమరికలో బయటి క్రిస్టల్‌ను ఎంచుకొని, ఆ క్రిస్టల్‌ను తగిలించకపోయినా ఇదే మౌనం. 9, 10 పిన్నులకు దానిని కలిపితే చచ్చిందనుకున్న చిప్పు మరల పలుకుతుంది.

ఒకేసారి నాలుగు తీగలు మార్చగా దైవవశాత్తు పనిచేసిన పరికరం ఏమీ నేర్పదు. ఒక్కటే మార్చి, పరీక్షించి, ఫలితం వ్రాసుకున్నవారే కారణాన్ని ఎరుగుదురు. ఉర్దూ మిత్రులు హునర్ అనేది, మనం పనితనమనేది ఈ ఓర్పునే.

సిద్ధమైన ప్రోగ్రామర్ అక్కరలేదని మా అభిప్రాయం కాదు. యూఎస్‌బీఏఎస్‌పీ నమూనాలో ప్రోగ్రామర్ లోపల ఉండేదీ సాధారణంగా అట్‌మెగా8 చిప్పే. దానికి తొలి ఆదేశాలు ఎక్కించడానికి పనిచేసే ప్రోగ్రామర్ మరొకటి కావాలి. దోషం చిప్పుదా, మన ప్రోగ్రామర్‌దా అని తేల్చడానికి కూడా అది అవసరం.

అయితే ప్రయోగశాల రికార్డులో తుది ఫలితానికే మార్కులు వేస్తే, విద్యార్థి పనిచేయని బోర్డును దాచి పొరుగువారి అంకెలను ఎక్కించుకుంటాడు. కనుక కళాశాల కార్యవర్గానికి మా మనవి: ప్రతి రికార్డులో దోషం, పరీక్ష, కారణం అనే మూడు శీర్షికలతో ఒక పుట ఉంచి, దానికి మార్కులు కేటాయించండి. వారానికొక సాయంకాలం ప్రయోగశాలను మరమ్మతులకై తెరచి ఉంచండి. ఒక సిద్ధ ప్రోగ్రామర్‌ను, కొన్ని మల్టీమీటర్లను అందరికీ అందుబాటులో ఉంచండి. విద్యార్థి సోదర సోదరీమణులారా! పలుకని బోర్డును చెత్తబుట్టలో వేయక, ఆ సాయంకాలం వెంట తీసుకొని రండి.