కొట్టు చిన్నదైతేనే నయం

చేతిపని చేసేవాళ్లు ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టాలనుకోగానే కూపన్లు, ఆఫర్లు, యాభై రకాల సరుకంటూ హడావుడి పడతారు. అదేమీ అక్కర్లేదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే ఇంటికి నాలుగైదు రకాలు, ఒక క్యూఆర్ కోడ్, పోస్టాఫీసు పార్శిల్ చాలు. అసలు శ్రద్ధ పెట్టాల్సింది వివరాల మీద. ఫొటో పగటి వెలుతురులో తీయాలి. బొమ్మ ఎత్తు సెంటీమీటర్లలో రాయాలి. అంకుడు కర్రతో చేసిందనీ, ఒక్కో బొమ్మకీ రంగులో కాస్త తేడా ఉంటుందనీ ముందే చెప్పాలి. లేకపోతే ఆ తేడానే లోపమని వెనక్కి పంపుతారు. ధర కట్టేటప్పుడు కర్ర, లక్కతో పాటు కూలీ, అట్టపెట్టె, తపాలా ఖర్చు కూడా లెక్కలోకి రావాలి. డెలివరీ చార్జీలు, పన్నులు కలిపి మొత్తం ధర చూపించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలూ చెబుతున్నాయి. సరుకు అయిపోతే ఆ రోజే ఆ ముక్క రాసేయాలి. డబ్బు తీసుకుని రేపు మాపు అంటే పేరు పోతుంది. కొనేవాళ్లకూ ఒక మాట: అచ్చులో పోసిన ప్లాస్టిక్ బొమ్మ ధర చూపించి వీళ్లతో బేరమాడకండి.