తుంటి ఆపరేషన్‌కు గుండె పూచీకత్తా?

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ చుట్టుపక్కల ఊళ్లలో డెబ్బై దాటిన పెద్దావిడ బాత్రూములో కాలుజారి పడితే ఇంట్లోవాళ్లు తణుకో, పాలకొల్లో తీసుకెళతారు. భయం ఎక్కువైతే భీమవరం, రాజమహేంద్రవరం. తుంటి విరిగిందని ఎక్స్‌రే కాసేపట్లో తేల్చేస్తుంది. అసలు ఆలస్యం అక్కడి నుంచే. కాలికి బరువు వేలాడదీసి వెల్లకిలా పడుకోబెడతారు. ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) తరఫున ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర, కార్డు చూసి పేరు నమోదు చేసుకుంటారు. మత్తు డాక్టరు ఈసీజీ చూసి, గుండె డాక్టరు ‘ఫిట్‌నెస్’ ఇస్తేనే అంటారు. దానికి టూడీ ఎకో (గుండె స్కానింగ్) కావాలి. చిన్న ఊళ్ల ఆస్పత్రులకు గుండె డాక్టరు రోజూ రారు. ఎకో లేకుండా ముందస్తు అనుమతికి ఫైలు పంపితే క్వెరీ (అదనపు వివరాల ప్రశ్న) పడుతుందని ఆస్పత్రివాళ్ల భయం. ‘అప్రూవల్ ఇంకా రాలేదండీ’ అన్న మాట పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మంచం మీద ఆవిడ పక్కకు ఒత్తిగిల్లలేదు. బెడ్‌పాన్ పెట్టాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ఆ బాధకు జడిసి మంచినీళ్లు తాగడమే మానేస్తుంది.

ఇది చిన్న సంగతి కాదు. నీళ్లు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కదలిక లేకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది, నడుం కింద పుండు పడుతుంది. నొప్పి గుండెను నిమిషం కూడా కుదురుగా ఉండనివ్వదు. గుండెను కాపాడాలని ఆపిన ఆపరేషన్ చివరికి ఆ గుండె మీదే భారం మోపుతోంది.

ఎకో కోసం ఎదురుచూడటం తుంటి ఆపరేషన్ వాయిదాకు తగిన కారణం కాదని బ్రిటన్ మత్తు వైద్యుల సంఘం తన మార్గదర్శకాల్లో చెప్పింది. కొత్తగా ఆయాసం వచ్చినా, కవాటం జబ్బు అనుమానమున్నా ఎకో తీయాల్సిందే. అలాంటిదేమీ లేని ప్రతి ఒక్కరికీ మొక్కుబడిగా తీయొద్దని అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కూడా 2024లో మరోసారి సూచించాయి. ‘హిప్ అటాక్’ పేరుతో మన దేశం సహా 17 దేశాల్లో 2,970 మంది రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఒక వర్గానికి దాదాపు 6 గంటల్లో, రెండో వర్గానికి దాదాపు 24 గంటల్లో ఆపరేషన్ చేశారు. మూడు నెలల్లో మరణాలు 9 శాతం, 10 శాతం. పెద్ద తేడా రాలేదన్నది దాచాల్సిన పని లేదు. అయితే ఆస్పత్రికి వచ్చేసరికే రక్తంలో ట్రోపోనిన్ పెరిగి, గుండె దెబ్బతిన్నట్టు తేలినవాళ్లను విడిగా లెక్కిస్తే, త్వరగా ఆపరేషన్ జరిగినవాళ్లలో చనిపోయింది 10 శాతం, ఆగి జరిగినవాళ్లలో 23 శాతం. ఏ గుండెను చూసి మనం జంకుతున్నామో ఆ గుండెకే తొందర ఎక్కువ మేలు చేసినట్టు కనబడుతోంది. ఆ పరిశోధనలో ‘ఆగడం’ అంటే ఒక్క రోజేనని కూడా గుర్తుంచుకోవాలి.

గుండెను కనిపెట్టుకుని ఉండాల్సిన సమయం వేరే ఉంది. ఇలాంటి ఆపరేషన్ల తర్వాత వచ్చే గుండెపోటు ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తుంది. మూడింట రెండొంతుల మందికి ఛాతీనొప్పి గానీ మరే లక్షణం గానీ ఉండదు. నొప్పి మందుల మత్తులో ఉన్న మనిషి తనంతట తాను చెప్పేదేమీ ఉండదు, యంత్రమో రక్తపరీక్షో చెప్పాలి. 65 దాటినవాళ్లకు పెద్ద ఆపరేషన్‌కు ముందు, తర్వాత 24 గంటలకు, 48 గంటలకు ట్రోపోనిన్ చూడమని ఐరోపా హృద్రోగ సంఘం 2022లో సూచించింది. మన వైద్యసేవ ప్యాకేజీలో పరీక్షలు, మందులు, భోజనం అన్నీ ఒకే మొత్తంలో కలిసిపోతాయి. కాబట్టి ఆపరేషన్ తర్వాత చేసే ప్రతి అదనపు పరీక్ష ఖర్చూ ఆస్పత్రి జేబులోంచే పోవాలి. అనుమతికి ముందు గుండె కాగితాలు అడిగే వ్యవస్థ, గుండె నిజంగా ప్రమాదంలో పడే ఆ రెండు రాత్రుల గురించి ఏమీ అడగదు.

ప్రైవేటు బీమా ఉన్నవాళ్ల తిప్పలు మరోరకం. నగదు రహిత చికిత్సకు గంటలోపు, డిశ్చార్జికి 3 గంటల్లోపు తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఆదేశించింది. డిశ్చార్జి ఆలస్యమైతే అదనపు బిల్లు కంపెనీయే భరించాలంది. మంచి నిబంధనే. కానీ తుంటి కోసం తీసిన ఎకోలో పాత గుండె లోపం బయటపడితే, ‘ఈ జబ్బు ఎన్నాళ్ల నుంచి, మొదట చూపించిన చీటీ పంపండి’ అని క్వెరీ వస్తుంది. తడి నేల మీద కాలు జారడానికీ ఆ జబ్బుకూ సంబంధమేమిటి? కొడుకు ఇంటికెళ్లి బీరువాలో పదేళ్ల నాటి చీటీ వెతుకుతుంటే అక్కడ గంటలు గడిచిపోతుంటాయి.

ముందస్తు అనుమతే వద్దని నేననడం లేదు. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఎన్ని జరిగాయో ఈ రాష్ట్రం మరిచిపోలేదు. ప్రజాధనానికి కాపలా ఉండాల్సిందే. ధాన్యానికి తేమ శాతం చూడొద్దని డెల్టా రైతెవరూ అనడు. మబ్బు కమ్ముకొస్తుంటే ధాన్యాన్ని కళ్లంలోనే ఉంచి కాగితం కోసం తిప్పితేనే కడుపు మండుతుంది. విరిగిన తుంటిలో మోసానికి చోటు చాలా తక్కువ. ఎక్స్‌రే ఉంది, మనిషి మంచం మీద ఉంది. అనుమతికి అవి చాలాలి. గుండె పరీక్షలు వైద్యుడి నిర్ణయంగా, అనుమతితో ముడిపడకుండా పక్కన నడవాలి.

మార్చడానికి ఇదే అదను. సార్వత్రిక ఆరోగ్య విధానానికి రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు భరించే పద్ధతి అది. ముందస్తు అనుమతి 6 గంటల్లో ఇస్తామన్నారు. క్వెరీ వేసినా ఆ 6 గంటలు ఆగకుండా నడుస్తాయని కంపెనీతో రాయించుకోవాలి. లేకపోతే ఆ గడువుకు అర్థం లేదు. ఆపరేషన్ తర్వాత 48 గంటల మానిటరింగ్‌కూ, రెండు ట్రోపోనిన్ పరీక్షలకూ ప్యాకేజీ మీద విడిగా డబ్బు చెల్లించాలి. ఇంగ్లండ్ 2010 నుంచి 36 గంటల్లోపు తుంటి ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్య నిపుణుడితో చూపించడం వంటి షరతులు పాటించిన ఆస్పత్రికి అదనపు సొమ్ము ఇస్తోంది. మనమూ త్వరగా చేసినందుకు డబ్బివ్వడం మొదలుపెడితే గుండె డాక్టరును ఆ రోజే పిలిపించే బాధ్యత ఆస్పత్రే తీసుకుంటుంది. ఆరోగ్యశ్రీ జాబితాను 1,059 నుంచి 2,059 చికిత్సలకు పెంచినప్పుడు, 2020 జనవరిలో దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది పశ్చిమ గోదావరిలోనే. ఇదీ ఇక్కడే మొదలుపెట్టొచ్చు.

అప్పటిదాకా ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. పాత ఈసీజీ, ఎకో ఉంటే ఎకో, రోజూ వేసుకునే బిళ్లల అట్టలు, పాత డిశ్చార్జి కాగితం వైద్యసేవ కార్డుతో పాటు ఒకే సంచిలో పెట్టుకోండి. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే మత్తు డాక్టరు చేతికి అవి అందితే కొత్త ఎకో అవసరమో కాదో అప్పుడే తేలుతుంది. అత్యవసర కేసులకు ఫోన్లోనే అనుమతి తీసుకునే వీలుంది. ఆరోగ్యమిత్రను ఆ సంగతి మొహమాటపడకుండా అడగండి.